వ్యాసం కింద పేరు

మునెప్పా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మదనపల్లె కాలేజీలో నీ చరిత్ర క్లాసు నేనే చెబుతున్నాను. ఏ వెబ్‌సైటు తెరిచినా పిల్లలు ముందుగా పేజీని అడుగుదాకా జరిపి, ఆధారం ఏమిచ్చారో వెతుకుతారు. నువ్వు నేర్పిన అలవాటు. చూసినప్పుడల్లా నాకు కడుపుమంట.

ఈరోజు పుంగనూరు కోట మీద నేను నెట్‌లో పెట్టిన వ్యాసం చూపించాను. రామకుప్పం అమ్మాయి శైలజ లేచింది.

"బాగా రాసినారు సార్. ఇదంతా మీకు యాడ దొరికింది?"

నీ నోటుబుక్కులో దొరికింది. నీ పేరు కావాలనే వదిలేశాను. అందరి ముందూ వ్యాసం కింద 'మునెప్ప సార్ నోటుబుక్కు' అని టైపు చేశాను.

"ఇప్పుడు నమ్మొచ్చు సార్," అంది.

పైన నా పేరు మొదట్నుంచీ ఉంది కదా, మునెప్పా!