మూడు ఇత్తడి కాళ్లు

మార్చి 3, ఆదివారం

చెల్లి కంప్యూటర్ చచ్చింది. మూత విప్పి చూస్తే మదర్‌బోర్డు మీద చిన్న గొట్టాల్లాంటివి నాలుగు ఉబ్బి పగిలి ఉన్నాయి. షాపువాడికి ఇద్దామంది చెల్లి. నేనుండగా షాపువాడెందుకే అన్నాను. నలభై ఏళ్లుగా కుట్టుమిషన్లు విప్పి బిగించిన చేతులివి. ఆఫ్ట్రాల్ ఒక అట్టముక్కంత బోర్డు మార్చలేనా?

పైకి అలా అన్నాను గానీ లోపల దడగానే ఉంది. చెల్లి యూనిఫాం కంపెనీలో ఉద్యోగం మానేసి రెండు నెలలైంది. మా రిపేరు షాపు వెనక గదిలో ఎంబ్రాయిడరీ మెషిన్ పెట్టుకుంది. ఇదే మొదటి పెద్ద ఆర్డర్. ఆసుపత్రి స్టాఫ్ కోట్లు మూడొందల నలభై, ఒక్కో జేబు మీద ఒక్కో పేరు. పద్నాలుగో తేదీకి ఇచ్చేయాలి. పేర్లు, డిజైన్లు అన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఇవ్వలేకపోతే ఆర్డర్ పాత కంపెనీకి పోతుంది, దాని వెనకాలే చెల్లీ పోవాలి. తిరిగి రాక ఎక్కడికి పోతుందిలే అని ఆ ఓనర్ దీని కుర్చీ ఖాళీగానే ఉంచాడట. వింటేనే ఒళ్లు మండింది.

మార్చి 4, సోమవారం

బోర్డు దొరికింది. ఎంబ్రాయిడరీ మెషిన్‌ది పాతకాలం కేబుల్. అది పట్టే పోర్ట్ ఇప్పటి బోర్డులకు ఉండదట. బజారంతా కాళ్లరిగేలా తిరిగితే ఒకే ఒక్క షాపులో ఒకే ఒక్క పీసు. ఆ షాపతను ప్రతి మాటకీ ముందు సారీ మేడమ్ అంటాడు. అసలు పేరు తెలీదు, ఇక్కడ సారీ మేడమ్ అనే రాస్తాను. బిగించి ఇస్తాడట, కాకపోతే ఇరవయ్యో తేదీ తర్వాతట. నీ సాయం అక్కర్లేదు నాయనా అని దండం పెట్టి వచ్చాను.

మధ్యాహ్నం కూర్చున్నాను. పాత బోర్డు కింద తొమ్మిది చిన్న ఇత్తడి కాళ్లున్నాయి. బోర్డుని కంప్యూటర్ డబ్బా రేకుకి తగలకుండా ఎత్తి పట్టుకునేవి. కొత్త బోర్డు చిన్నది, దానికి ఆరు కన్నాలే. ఆరు కాళ్లూ సరైన చోట పెట్టాక మూడు మిగిలాయి.

నాన్న ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. ఈ పని నేర్పింది ఆయనే. రిపేరు అయ్యాక బల్ల మీద ఒక్క మర మిగిలినా ఆ రిపేరు చేయనట్టే అనేది ఆయన రూలు. నా పన్నెండో ఏట ఒక వాషర్ మిగిలిందని మిషనంతా మూడుసార్లు విప్పించాడు. వెక్కివెక్కి ఏడ్చినా వదల్లేదు. ఇప్పుడు ఆయన కళ్లముందు మూడు కాళ్లు మిగల్చడమా? డబ్బా రేకులో ఖాళీ కన్నాలు ఇంకా కనిపించాయి. బోర్డు నడుముకి ఊతంగా ఉంటాయిలే అని మూడూ అక్కడ బిగించేశాను. బల్ల శుభ్రంగా ఉంది. నాన్న తలాడించాడు. యాభై రెండేళ్లొచ్చినా ఆయన తలాడిస్తే నేను పొంగిపోతాను.

బటన్ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మార్చి 5, మంగళవారం

తప్పు దొరికింది! పవర్ బటన్ నుంచి వచ్చే రెండు సన్నటి వైర్లు పక్క పిన్నులకు గుచ్చానట. బోర్డుతో వచ్చిన కాగితంలో అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. నాన్న భూతద్దం పెట్టి చదివి సరిచేశాను. ఫ్యాన్ తిరిగింది. చెల్లి చప్పట్లు కొట్టింది.

సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ సగం చుట్టే.

మార్చి 6, బుధవారం

సగం చుట్టు.

మార్చి 7, గురువారం

ర్యామ్ తీసి తుడిచి పెట్టాను. అన్ని ప్లగ్గులూ పీకి గుచ్చాను. పవర్ సప్లై పక్కింటివాళ్ల కంప్యూటర్‌కి పెట్టి చూస్తే బంగారంలా పనిచేసింది. మనదానికి మాత్రం అదే సగం చుట్టు. వెక్కిరిస్తున్నట్టే ఉంది ముదనష్టపుది.

సారీ మేడమ్ భోజనానికి పోతూ తొంగి చూశాడు. చూసి, బోర్డు కాలిపోయిందని, బిగించడం రానివాళ్లు బిగిస్తే ఇలాగే కాలుతుందని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఇంకో పీసు తెప్పించాలంటే పది రోజులట.

చెల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. సాయంత్రం అటక మీంచి పాత ఆఫీసు బ్యాగు దింపి, దులిపి, తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. నాకు ఏడుపొచ్చింది. దాని బతుకు నా పొగరుతో పాడుచేశానని అనిపించింది. రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

మార్చి 8, శుక్రవారం, ఉదయం 10

ఒకావిడ కుట్టుమిషన్ తెచ్చింది. తొక్కితే రెండు కుట్లేసి బిగుసుకుపోతోందట. ఇలాంటివాటికి మా షాపులో ఒకటే పద్ధతి. తల స్టాండు మీంచి దింపి, నేల మీద గోనె పరిచి, చేత్తో తిప్పి చూడాలి. తిరిగితే తల మంచిది, జబ్బు స్టాండుది. తిప్పాను. వెన్నలా తిరిగింది. పెడల్ రాడ్ వంగిందని ఆవిడకి చెబుతూ చెబుతూ సగంలో ఆగిపోయాను.

ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది. నాలుగు రోజులుగా తల దింపకుండానే చూస్తున్నానేంటి?

ఉదయం 11:40

బోర్డు డబ్బాలోంచి తీశాను. కింద అట్ట పరిచాను. ర్యామ్, పవర్, మానిటర్ వైరు, అంతే. బటన్ వైరు అందలేదు, పవర్ పిన్నులు రెంటినీ స్క్రూడ్రైవర్ కొసతో తాకించాను.

ఫ్యాన్ తిరిగింది. తిరుగుతూనే ఉంది. బీప్ అంది. మానిటర్ మీద తెల్లటి అక్షరాలు! నా కేకకి కస్టమరావిడ గుమ్మం దాకా పరిగెత్తింది.

బోర్డు కాలలేదు. బయట పనిచేస్తోంది, డబ్బాలో చస్తోంది. అంటే జబ్బు డబ్బాలో ఉంది. పవర్ తీసేసి బోర్డు తిరగేసి చూశాను. అడుగున మూడు చోట్ల గుండ్రటి గీతలు మెరుస్తున్నాయి. మూడంటే మూడు. ఊతమని నేను పెట్టిన కాళ్లు, ఇత్తడివి, సరిగ్గా టంకం అతుకుల మీద గుచ్చుకుని కరెంటుని రేకులోకి దింపుతున్నాయి. పాపం ఆ బోర్డు తనని తాను కాపాడుకోడానికే సగం చుట్టు దగ్గర ఆగింది.

సాయంత్రం 4

మూడూ పీకేశాను. ఆరింటి మీదే బిగించాను. డబ్బాలోనూ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది. కానీ తెర మీద ఒకే ఒక్క లైను, బూట్ డివైస్ దొరకలేదట. డిస్క్ ఉంది, వైరు ఉంది, లిస్టులో దాని పేరూ ఉంది. ఎదురుగా ఉన్న మనిషిని కనబడలేదంటే ఏం చెప్పను?

అయినా ఇవాళ భయం లేదు. చచ్చినదాన్ని లేపినదాన్ని, దారి చూపించలేనా?

మార్చి 9, శనివారం

చెల్లి పక్కన కుర్చీ వేసుకుంది. నేను సెట్టింగులు ఒక్కొక్కటే చదివాను, తను నోట్‌బుక్‌లో రాసింది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, పనికిరాకపోతే వెనక్కి పెట్టేయాలి. ఏడోది బూట్ మోడ్, అంటే కంప్యూటర్ లేచే పద్ధతి. యూఈఎఫ్ఐ అని కొత్త రకం పెట్టి ఉంది. ఇంకో ఆప్షన్ ఏముందని అడిగింది చెల్లి. లెగసీ, పాత రకం అన్నాను. డిస్క్ పాతది కదా, దానికి పాత పద్ధతే తెలిసుంటుంది, పెట్టి చూడక్కా అంది.

పెట్టాను. సేవ్ కొట్టాను. నల్లటి తెర. విండోస్ బొమ్మ వచ్చింది. ఆ వెనకే చెల్లి డెస్క్‌టాప్, దాని మీద ఆసుపత్రి ఫోల్డర్, అందులో మూడొందల నలభై పేర్లు!

ఇద్దరం పట్టుకుని గెంతాం. నాకు మోకాలు నొప్పి, అయినా గెంతాను. ముందు అన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి కాపీ చేయించాను. మధ్యాహ్నం ఒంటిగంటకి మెషిన్ మొదటి పేరు కుట్టింది. బ్యాగు మళ్లీ అటకెక్కింది. ఈసారి నేనే ఎక్కించాను, బాగా లోపలికి తోసి మరీ.

మార్చి 12, మంగళవారం

రెండొందల పదకొండు అయ్యాయి. చెవుల్లో అదే టకటక. ఇంత మంచి సంగీతం నేను వినలేదు.

మార్చి 14, గురువారం

ఇచ్చేశాం! మూడొందల నలభై, ఒక్క పేరు తప్పు లేదు. ఆసుపత్రి స్టోర్స్ ఆవిడ దారాలు లాగి చూసి, వచ్చే ఏడాదివి కూడా మీరే కుట్టండి అందట. బయట ఆటోలో కూర్చున్న నాకు చెల్లి ఆ మాట నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ కొత్తగా విన్నాను.

వచ్చేటప్పుడు దారి కాకపోయినా సారీ మేడమ్ షాపు ముందునుంచి వచ్చాను. ఎలా అయిందని అడిగాడు. తల దింపి చూశానని చెప్పాను. అర్థం కాక సారీ మేడమ్ అన్నాడు. ఈసారి ఆ సారీ పూర్తిగా తీసుకున్నాను.

మార్చి 15, శుక్రవారం

చెల్లి చూస్తుండగానే నాన్న ముందు ఆ మూడు కాళ్లూ పెట్టాను. ఏదీ మిగలకూడదన్న నీ రూలు నిలబెట్టబోయి చెల్లిని ముంచబోయానని మొహం మీదే చెప్పాను. గొంతు కాస్త పెరిగింది కూడా.

నాన్న తన బల్ల అడుగు సొరుగు లాగమన్నాడు. వెనకాల ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. రెండు చేతులతో గానీ లేవలేదు. మూత తీస్తే నిండా మరలు, వాషర్లు, స్ప్రింగులు. ఆయన రిపేర్లలో మిగిలినవన్నీ! కస్టమర్ చూడకముందే చొక్కా జేబులో వేసుకునేవాడట. రూలు మాకే, ఆయనకి కాదట.

నాచేత మిషన్ మూడుసార్లు విప్పించావు కదా అని మీదకెళ్లాను. ఆ వాషర్ అసలు ఆ మిషన్‌ది కాదట. వంగినప్పుడు ఆయన జేబులోంచి జారిందట. ఆ సంగతి తనకి మర్నాడే తెలిసిందట, చెప్పడానికి మొహం చెల్లలేదట. నలభై ఏళ్లు చెల్లలేదు!

కోపం రావాలి. నవ్వొచ్చింది. ముగ్గురం కళ్లనీళ్లు తిరిగేలా నవ్వాం. నాన్న డబ్బా నా వైపు తోశాడు. మూడు కాళ్లూ అందులో వేశాను.

మార్చి 17, ఆదివారం

పొద్దున్న కొక్కేనికి కొత్త కోటు. మూడొందల నలభై ఒకటోది. జేబు మీద నా పేరు ఉంటుందనుకున్నాను. లేదు. ఇత్తడి రంగు దారంతో మూడు చిన్న కాళ్లు. వేసుకుని షాపు తెరిచాను.