ఏడాదికొక్క ఎత్తు

దొనలగుట్ట పార్కు ఆఫీసరు సారుకు,

గుట్ట కింది కాటమయ్య దండాలు పెట్టి రాసేది ఏందంటే:

సారూ, మా గుట్టను పార్కు చేసిన్రు, మంచిగున్నది. పడిపోయిన గుడి రాళ్లు నిలబెట్టిన్రు, గుహలకు మెట్లు కట్టిన్రు. గాని పెద్ద గుహల బండ మీద అద్దం పెట్టె బిగిచ్చిన్రు సూడు, దాని కిందున్నది పులిజూదం. గీతలు ఎవలు చెక్కిన్రో నాకు ఎర్కలేదు. ఆట మాత్రం మాది: నాది, పాలకుర్తి చంద్రమౌళి సేటుది.

ముప్పై ఏండ్ల కింద, హోలీ తెల్లారి, చింతపండు కొననీకి వచ్చిండు. రాళ్లవాన పడితే ఇద్దరం గుహల దూరినం. మూడు నల్లరాళ్లు ఆయన పులులు, పదిహేను చింతగింజలు నా మేకలు. మూడు మేకలు తిన్నడు, నాలుగోది పోతే నేను ఓడినట్టే. అంతల వాన వెలిసింది. మిగిలింది వచ్చే హోలీకి అన్నడు. అప్పటిసంది ఏటా హోలీ తెల్లారి వస్తడు. తలా ఒక్క ఎత్తు ఏసి, సద్ది తిని దిగుతం. ఒక్క ఏడు తప్పలే.

మొన్న చలికాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. ఈ ఏడు తప్పితే మల్ల కుదురుతదో లేదో. మార్చి పదిహేను నాడు అద్దం జర పది నిమిషాలు తియ్యున్రి.

ఇట్లు,
కాటమయ్య

తా.క.: టికెట్ కొంటం. ముసలోళ్లకు సగమా, పురాగనా?

* * *

శ్రీ కాటమయ్య గారికి,

విషయం: పెద్ద గుహలోని బండపై హక్కు కోరుట.

మీ అర్జీ అందింది. సదరు బండ మీదే అంటున్నారు కాబట్టి పట్టా పాసుపుస్తకం నకలు, పహాణీ జతచేయగలరు. అక్కడున్నది చరిత్రకు పూర్వపు పూజాఫలకమని, పైనున్నవి నైవేద్యపు గింజలని, వాటిలో ఒకటి ఎముకతో చేసిన ఆభరణమని బోర్డు పెట్టి ఉన్నాం. అద్దం తీయడం కుదరదు.

ఇట్లు,
సంధ్య, పార్కు ఇన్‌చార్జి

తా.క.: అరవై దాటితే సగం టికెట్.

* * *

సంధ్య మేడానికి,

సారు అన్నందుకు ఏమనుకోకు బిడ్డా. పట్టా ఏంది, పహాణీ ఏంది! బండను నేనేం జేస్కుంట, ఇంటికి తెచ్చి దాని మీద పండుకుంటనా? గుట్టా సర్కారుదే, బండా సర్కారుదే. నేను అడిగేది నా వంతు. వంతుకు పాసుపుస్తకం ఎవలిస్తరు?

ఆ గింజలు మా ఇంటామె మనోరమ చారుకు చింతపండు పిసుకంగ తీసినయి. నమ్మకుంటే మీ వాచ్‌మెన్ గోప్యాను అడుగున్రి, ఆయనకు ఆట వస్తది.

చంద్రమౌళి బిడ్డ మమత ఫోన్ చేసింది. బాపుకు మాట సక్కగ వస్తలేదట. గాని పొద్దున లేస్తే క్యాలెండర్ల హోలీ మీద వేలు పెట్టి సూపెడుతున్నడట. నాకు బువ్వ సయిస్తలేదు బిడ్డా.

ఇట్లు,
కాటమయ్య

తా.క.: ఆ ఎముక ఆభరణం చంద్రమౌళి అంగి గుండీ. నా మేకనొకదాన్ని ఎలుక తిన్నది. ఆయన పటుక్కున గుండీ తెంపి పెట్టిండు. నాలుగు బొక్కలుంటయి, లెక్కపెట్టుకో.

* * *

శ్రీ కాటమయ్య గారికి,

విషయం: రక్షిత ప్రదేశంలో వస్తువులు పెట్టినట్టు అంగీకారం.

మీ ఉత్తరం పై అధికారులకు పంపాను. గింజలు, గుండీ మీరే పెట్టినట్టు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు కాబట్టి, చర్య ఎందుకు తీసుకోకూడదో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలన్నారు. అంతవరకు మీకూ చంద్రమౌళి గారికీ పార్కులోకి ప్రవేశం లేదు.

ఇట్లు,
సంధ్య

తా.క.: ఇది ఆఫీసు కాగితం మీద రాయకూడదు. నాలుగు బొక్కలున్నాయి. దారం ముక్క కూడా ఉంది. బోర్డు తీయించాను. గోప్యా నాకు ఆట నేర్పుతున్నాడు. మీ మేక ఒక్కటి ముందుకు జరిగితే ఆఖరి పులి కూడా కట్టుబడుతుందట, మీరే గెలుస్తారట. పశువులు కాసే రోజుల నుంచీ చూస్తున్నానంటాడు. మీకు కనపడలేదా?

* * *

సంధ్య బిడ్డకు,

భూపాలపల్లి దవాఖాన నుంచి రాస్తున్న. సంజాయిషీ కాగితం కొననీకి పోతుంటే జారి పడ్డ, కాలు ఇరిగింది. జైల్ల ఏస్తే ఏయున్రి, ఎట్లయిన ఉరుకలేను.

నా ఎత్తు నువ్వే వెయ్యి. గుండీని ఒక్క గీత ఎనకకు జరుపు. పులికి తొవ్వ ఇడువు.

కనపడలేదా అంటివి. ఎనిమిదేండ్లసంది కనపడుతనే ఉన్నది. కట్టేస్తే ఆట ఒడుస్తది. ఒడిస్తే పాలకుర్తి నుంచి గింత దూరం ఆయన ఎందుకొస్తడు? అక్కడ చింతపండు దొరుకతలేదా?

ఇట్లు,
కాటమయ్య

తా.క.: ఇది ఆయనకు చెప్పకు. నన్ను ముప్పుతిప్పలు పెడుతున్ననని మస్తు సంబురపడతడు.

* * *

కాటమయ్య బాపుకు,

మీ ఉత్తరాన్నే సంజాయిషీగా పంపాను. మా పెద్దసారు చదివి, "పది నిమిషాలు" అని రాసి సంతకం పెట్టారు.

ఈ పొద్దున మమత ఆటోలో చంద్రమౌళి గారిని తీసుకొచ్చింది. గోప్యా ఆయన్ని వీపున ఎక్కించుకుని మెట్లెక్కాడు. మీరు చెప్పినట్టే గుండీని వెనక్కి జరిపాను. ఆయన చాలాసేపు చూశారు. ఎడమ చేత్తో పులిని పట్టుకుని, ఒక గీత పక్కకు జరిపి ఊరుకున్నారు.

గోప్యా ఆగలేకపోయాడు. "ఏంది సేటూ! ఎదురుంగ గింజ ఉన్నది, దుంకి తింటే నువ్వే గెలుస్తవ్! నిరుడు గూడ గిట్లనే ఇడిసిపెట్టినవ్!"

ఆయన వంకర నోటితో నవ్వారు. మాట కూడదీసుకుని, "గెలిస్తే... మల్ల... ఎట్లొస్త?" అన్నారు.

నేను గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను, బాపూ. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి, ఎవరూ అడగలేదు.

ఇట్లు,
సంధ్య

తా.క.: కొత్త బోర్డు పెట్టాం: "ఆట నడుస్తోంది. ముట్టవద్దు."

ఇంకో తా.క.: మీ సంగతి ఆయనకు చెప్పలేదు. తన సంగతి మీకు చెప్పొద్దని ఆయనా సైగ చేశారు. మాట సగమే నిలబెట్టుకున్నాను, ముసలోళ్లకు సగమే కదా. ఈ ఉత్తరం పోస్టులో రాలేదు. తెచ్చినాయన మమతతో దవాఖాన గేటు దగ్గర ఆటోలో కూర్చుని ఉన్నారు. లోపలికి పిలవండి.