కిటికీ గడియ తీసి ఉంచాను

అమ్మాయీ, లేవగానే నీ గది కిటికీ తెరువు. గడియ నేనే తీసి ఉంచాను, రెక్క తోస్తే చాలు. కాఫీ ఫ్లాస్కులో ఉంది, మూత వదులుగానే పెట్టాను. పొగ పోయింది కదా అని కీళ్ళ మాత్ర మాత్రం మానకు.

అవును, పోయింది. కింద బేకరీ అతను రాత్రి కట్టెల పొయ్యి ఆర్పేశాడు. ఇవాళ్టి నుంచి కరెంటు పొయ్యి. పని అయ్యేదాకా నీకు చెప్పకూడదనుకున్నాను.

పోయిన వారం మళ్ళీ వెళ్ళి పొయ్యి మార్చమని అడిగితే నవ్వాడు. "పొగకి దగ్గు రావాలి గానీ వేళ్ళు వాయడమేంటి పిన్నిగారూ?" అన్నాడు. డాక్టరమ్మ మాట నాకు అర్థమైనట్టు చెప్పాను. "దొంగని పట్టాల్సిన కాపలావాడు నిన్నే బాదితే ఎలా ఉంటుంది? మా కోడలి ఒంట్లో జరిగేది అదే, రోగాన్ని తరమాల్సిన శక్తే కీళ్ళని కొడుతోంది. జబ్బు నీ పొగే తెచ్చిందనడం లేదు. ఆ కాపలావాణ్ణి ఇంకా రెచ్చగొడుతూ ఉండొచ్చంటోంది డాక్టరమ్మ." అతని నవ్వు ఆగిపోయింది. వాళ్ళమ్మకీ చేతులు వాస్తాయట, ఆవిడ రోజంతా ఆ పొయ్యి పక్కనే కూర్చుంటుంది.

కొత్త పొయ్యి స్విచ్ నేనే వెయ్యాలట. మంచి చీర కట్టుకుని వెళ్తున్నాను.

ఇన్నాళ్ళూ కిటికీ మూసుకుని ఉక్కలో పడుకున్నావు గానీ నాతో ఒక్క మాట అనలేదు. దానికి మాత్రం నాకు కోపమే.

జడ కోసం తంటాలు పడకు, వచ్చి వేస్తాను. నీ చేతులు బాగుపడ్డాక కూడా నేనే వేస్తాను, ఆ పని నీకివ్వను.