టీ పెట్టడానికి లేచాను

బాంట్రీ, మంగళవారం

అమ్మకు,

నేను కులాసా. దగ్గు తగ్గింది. నిన్న మా నాటక సంఘం సమావేశంలో కార్యదర్శి పదవికి ఎవరూ ముందుకు రాలేదు. "ఎవరూ లేకపోతే సంఘం మూసేసి, హాలు తాళాలు ఇచ్చేద్దాం," అన్నారు అధ్యక్షులు డన్ఫీ గారు. అందరూ తలలు వంచుకున్నారు. నేను టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి చప్పట్లు!

"గదిలో లేనివాళ్ళకే పదవి అంటగడతాం కదే పిచ్చిపిల్లా! పోయినేడు చూడలేదూ?" అని నవ్వింది నేను అద్దెకుంటున్న ఇంటావిడ నోరీన్.

చూశానమ్మా. పదవి నాకు కావాలని చెయ్యెత్తే ధైర్యం లేకే లేచి వెళ్ళాను.

నా నల్ల బూట్లు పంపు. కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా? నాన్నకు, నానమ్మకు ముద్దులు. శుక్రవారం కార్యదర్శిగా నలుగురి ముందు మాట్లాడాలి. ఆ పూట నా పేరున కొవ్వొత్తి వెలిగించు.

నీ ఊనా