మా మీద ఆధారపడని పిల్ల

జనవరి 11

మా వలస ఫైలు కదిలింది! ఆ దేశంలో పళ్ళ సెట్లు చేసేవాళ్ళు కావాలట. ఇన్నేళ్ళు ల్యాబ్‌లో జనం దవడలతో కుస్తీ పట్టినందుకు నాకూ ఓ విలువ వచ్చింది. మెయిన్ అప్లికెంట్ నేనే. ఈయన, అమ్మాయి నా డిపెండెంట్లు, అంటే నా మీద ఆధారపడ్డవాళ్ళు. ఆ మాటతో పొద్దుట్నుంచి ఈయన్ని ఏడిపిస్తున్నాను.

అంతా అమ్మాయి కోసమే. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు నా పక్కనే ప్లాస్టర్ కలుపుతోంది. దాని బతుకు కూడా ఈ పొడిలోనే తెల్లారకూడదు.

ఫిబ్రవరి 2

రేపు అమ్మాయికి వీసా ఆఫీసు నుంచి ఫోన్ ఇంటర్వ్యూ. అన్నం దగ్గర కూడా ఈయన కోచింగే. మనం వాళ్ళకి బరువు కామని తెలియాలట, ఎవరి మీదా ఆధారపడనని గట్టిగా చెప్పాలట. నేనూ వంత పాడాను.

ఫిబ్రవరి 3

అదరగొట్టేసింది. ఉద్యోగం చేస్తున్నాను, నా ఖర్చులు నావే, అమ్మానాన్నల మీద ఆధారపడను అని తడుముకోకుండా చెప్పింది. గుమ్మంలో నిలబడి విని పొంగిపోయాను.

ఏప్రిల్ 19

వీసాలు వచ్చాయి. రెండే.

ఏప్రిల్ 20

మా వీసా ఫైలు చూసే కన్సల్టెన్సీ అతను తల పట్టుకున్నాడు. ఈ వయసు పిల్ల మాతో రావాలంటే మా సంపాదన మీదే బతుకుతుండాలట. కాదని అమ్మాయే చెప్పింది కదా అన్నాడు. దాని జీతం బస్సు ఛార్జీలకే చాలదు! ముందే చెప్పి చావొచ్చుగా అని అరిచాను. మీరిలా నేర్పుతారని కలగన్నానా అన్నాడు.

మే 30

అప్పీలు కొట్టేశారు. మాట మార్చామట.

స్టూడెంట్ వీసాకి మాకు తాహతు లేదు. ఉద్యోగం మీద వెళ్ళడానికి దానికి అనుభవం చాలదు. అక్కడివాణ్ణి పెళ్ళి చేసుకుంటే సులువని కన్సల్టెన్సీ అతను నవ్వాడు. వాడి పళ్ళు రాలగొట్టి, సెట్టు కూడా నేనే కట్టిద్దామనిపించింది.

జూన్ 14

వెళ్ళనన్నాను. అమ్మాయి విరుచుకుపడింది. తన వల్లే ఆగిపోయామన్న మాట జన్మంతా మోయలేనంది. ఒకసారి అక్కడ కాలు పెడితే ఏదో దారి దొరుకుతుందని ఈయన అంటారు. వచ్చే ఏడు నాకు వయసు దాటిపోయి, వీసాకి లెక్కేసే వయసు మార్కులుండవు. నేను కదలకపోతే ఈయనకీ వీసా లేదు.

జులై 27

అమ్మాయిని హాస్టల్లో దింపాం. మంచం పక్క గోడంతా చెమ్మ. నేనే దుప్పటి పరిచాను. అది ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఆగస్టు 2

దిగాం. పిల్లలున్నారా అని కౌంటర్లో ఆవిడ అడిగింది. ఒక అమ్మాయి అన్నారు ఈయన. ఎక్కడ అంది.

ఇద్దరం వెనక్కి తిరిగి చూశాం.