లీకు కోసం చెవి పెడితే

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను, పిన్ని, నా మోకాళ్ళు అందరం క్షేమమే. నువ్వు వేళకి తింటున్నావని నమ్ముతున్నాను.

"అంతా యంత్రమే చేస్తుంటే నీకేం పనమ్మా?" అని అడిగావు. యంత్రం కార్బన్ పోగులతో చేసిన రిబ్బన్లని అచ్చు మీద పొర మీద పొరగా, విమానం రెక్క ఆకారంలో పరుస్తుంది. దాని మీద ప్లాస్టిక్ సంచి కప్పి, అంచులు జిగురు పట్టీతో మూసి, లోపలి గాలంతా లాగేసి, ఆరితే రాయిలా గట్టిపడే రెజిన్ ద్రవం ఎక్కించేది మేము. ఎండిన నేల నీళ్ళు తాగినట్టు ఆ పొరలు రెజిన్ తాగుతుంటే చూడాలి! కాస్త గాలి చొరబడిందా, లోపల బుడగలొచ్చి రెక్క మొత్తం చెత్తలోకే.

మొన్న ఆ గండమే వచ్చింది. గాలి లాగి పంపు ఆపితే మీటరు ముల్లు నిలవట్లేదు. ఎక్కడో లీకు. దాన్ని పట్టే పరికరమేమో రిపేరులో ఉంది. మా సూపర్‌వైజరమ్మ ఫ్యాన్లతో సహా అన్నీ ఆపించి, "ఎవరూ కిక్కురుమనకండి, ఇక చెవులే దిక్కు" అంది.

రిబ్బన్ల యంత్రం నడిపేది ఒకాయన. అందరం రిబ్బన్ గారంటాం. నేను వంగలేనని కింది అంచు ఆయన తీసుకున్నారు, పై అంచు నాకిచ్చారు. చెవులు ఆనించి జరుగుతూ జరుగుతూ మూల దగ్గర ఎదురెదురయ్యాం.

"ఏమండీ, మనం పెళ్ళి చేసుకుందామా?" అన్నారు మెల్లిగా.

మెల్లిగా అనుకున్నది ఆయనొక్కరే. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం కదా, హాలంతా విన్నది! సరిగ్గా అప్పుడే నా చెవి కింద 'స్స్‌స్' మంది.

"ఉండండి, లీకు దొరికింది!" అని అరిచాను.

"లీకు సరే, జవాబేది?" అంది సూపర్‌వైజరమ్మ. ఒకటే నవ్వులు.

మడత కింద జిగురు పట్టీ అంటలేదు. వేలితో గట్టిగా నొక్కేసరికి ముల్లు నిలిచింది. సాయంత్రానికి రెజిన్ చివరిదాకా పాకింది. ఒక్క బుడగ లేదు.

జవాబు మాత్రం ఆలోచించుకుని చెప్తానని ఇంటికొచ్చేశాను. మీ నాన్న పోయాక నాకింకెవరూ వద్దనుకున్నాను. అప్పటికది నిజమే. కానీ ఈమధ్య పనికి బయల్దేరేముందు అద్దం దగ్గర ఆగిపోతున్నాను తల్లీ. నీకు చెప్పలేక దాచింది ఇదే.

నిన్న క్యాంటీన్లో ఆయన ఎదుట కూర్చుని "సరే" అన్నాను. పాపం, చేతిలో టీ సగం ఒలికిపోయింది.

కోపమొస్తే తిట్టి రాయి, పడతాను. రాకపోతే మాత్రం సెలవు పెట్టి వచ్చెయ్. పెళ్ళికి ఏం కట్టుకోవాలో చెప్పడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

ఇట్లు,
ఈ వయసులో సిగ్గుపడుతున్న
నీ అమ్మ