చిప్పు కింది కుంకుమ

బెంగళూరు,
ఆదివారం.

కళ్యాణదుర్గంలో మోటారు స్టార్టర్లు బాగుచేసే మా అన్న రామాంజనేయులుకు తమ్ముడు నాగభూషణ నమస్కరించి రాసుకొంటున్న విన్నపం.

నువ్వు, వదిన, పిల్లలు, మీ నీడన ఉన్న నా భార్య సుజాత అందరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నేను ఇక్కడ క్షేమం. కొంచెం అలసట తప్ప వేరే జబ్బు లేదు. ఈ వయసులో అలసటను కంపెనీవారు జబ్బుగా పరిగణించరు కాబట్టి నేనూ పరిగణించడం మానుకొన్నాను.

ఫోనులో చెప్పక ఉత్తరం ఎందుకంటే, ఇందులోని విషయం చివరిదాకా వినవలసినది. ఫోనులో అయితే నువ్వు రెండో మాటకే కోపగించుకొని పెట్టేస్తావు. కాగితంతో ఆ ఇబ్బంది లేదు. చింపేసినా ముక్కలు కలిపి చదువుకోవచ్చు.

ఇక్కడ పదిరోజులుగా తుంపర పడుతూనే ఉంది. పంట లేదు, చేను లేదు, అడిగినవాళ్లూ లేరు. తారు రోడ్డు మీద ఊరికే పడుతుంది. దీనిని మన వైపు బదిలీ చేయమని దరఖాస్తు పెట్టుకోవడానికి తగిన కార్యాలయం ఏదో ఇంకా తెలియలేదు. మెస్సులో సాంబారులో బెల్లం వేస్తారు. ఎందుకని అడిగితే సాంబారు అంటే అంతేనన్నారు. సంగటి ముద్ద చూసి నాలుగు నెలలైంది. గదిలో నలుగురం ఉంటాం, నాలుగు వేళల్లో డ్యూటీ కాబట్టి ఒకరి ముఖం ఒకరికి సరిగా తెలియదు. బాగానే ఉన్నాను, బెంగపడవద్దు.

నా ఉద్యోగం ఏమిటో నీకు ఇప్పటికీ సరిగా అర్థం కాలేదని సుజాత చెప్పింది. మా కంపెనీ బోరు మోటార్లకు స్టార్టర్లు తయారుచేస్తుంది. బోరులో నీళ్లు అయిపోగానే మోటారును ఆపే పని లోపలి బోర్డు మీది పెద్ద చిప్పు చేస్తుంది. బయట కొన్న ఆ చిప్పులు నిజంగా కొత్తవేనా అని చూసి సంతకం పెట్టేది నేను. పాత బోర్డుల నుంచి ఊడదీసిన చిప్పులను కడిగి, పైభాగం గీకి, కొత్త అక్షరాలు అచ్చువేసి, ధ్రువపత్రం జతచేసి అమ్మేవాళ్లు ఉన్నారు. ఆ సరుకులో ధ్రువపత్రం ఒక్కటే కొత్తది. అటువంటి చిప్పు పరీక్షలో బాగానే పనిచేస్తుంది. చేలో ఒక వేసవిని మాత్రం తట్టుకోదు. అది ఆగిపోయిన రోజున, నీళ్లు లేని బోరులో మోటారు తిరిగి తిరిగి కాలిపోతుంది. ఎనిమిది వందల అడుగుల పైపు బయటికి లాగేటప్పుడు రైతు ముఖం ఎలా ఉంటుందో మనమిద్దరమూ చూసినవాళ్లమే.

నెల కిందట ఒక సరుకు వచ్చింది. అక్షరాలను అసిటోను దూదితో తుడిచాం. దొంగ అచ్చయితే చెదరాలి, ఇవి చెదరలేదు. చిప్పుల లోహపు కాళ్లు కొత్తవాటిలా తళతళలాడుతున్నాయి. సంతకం పెట్టబోతుండగా, పక్క బల్ల మీద పనిచేసే పామిడి ఓబులేసు ఒక చిప్పును బోర్లా తిప్పి మైక్రోస్కోపు కింద పెట్టి పిలిచాడు.

“అన్నా, ఈడ చూడు. పొట్ట కింద ఎర్రగా ఏందో ఉండాది.”

“తుప్పేమో.”

“ప్లాస్టిక్కుకు తుప్పు పట్టేది యాడన్నా చూసినావా?”

చూశాను. సూదితో గీకాను. ఆ పొడికి సోల్డరింగు ఐరను కొన తాకిస్తే వాసన లేచింది. మన అంగడిలో, నీ పక్కన, ఆ వాసనలోనే నేను పందొమ్మిదేళ్లు కూర్చున్నాను అన్నా.

బాగుచేసిన ప్రతి బోర్డుకూ పెద్ద చిప్పు మీద బొట్టు పెట్టి రైతు చేతికి ఇవ్వడం మన అంగడి ఆచారం. ఉత్త కుంకుమ చేలో దుమ్ముకు రాలిపోతోందని, మోటారు చుట్టలకు పూసే వార్నిష్‌లో కలిపి పెట్టే పద్ధతి కనిపెట్టింది నువ్వు. ఆ పద్ధతి ఇంకెవరికీ తెలియదని నువ్వు గర్వంగా చెప్పుకొనేవాడివి. ప్రస్తుతం నా విచారానికి కారణం కూడా అదే. వార్నిష్ ఎక్కువైన బోర్డుల్లో ఆ బొట్టు కాళ్ల సందుల్లోంచి కారి చిప్పు కింద గడ్డకట్టింది. పైన గీకినవాడు కింద చూడలేదు.

అది మన అంగడి నుంచి ఎలా బయటపడిందో నీకూ తెలుసు. చెడిపోయిన బోర్డులను పాత సామాన్లవాడు గోతాంలో వేసుకొని పోతాడు. పగలగొట్టకుండా ఇస్తే ఎక్కువ ఇస్తానంటాడు, మనం సంతోషిస్తాం. ఎందుకు ఎక్కువ ఇస్తున్నాడని అడగాలని అన్నేళ్లలో నాకూ తోచలేదు. తప్పు నీ ఒక్కడిదే అనడం లేదు.

కొనుగోళ్ల మేనేజరుది లేపాక్షి పక్క ఊరు. నన్ను పిలిపించాడు.

“ఏమప్పా నాగభూషణా, చిన్న మరకకు సరుకంతా ఆపుతావా? పని చేస్తాండాదా లేదా?”

“ఈ పొద్దు చేస్తాండాది సార్.”

“రేపటి సంగతి నీకూ నాకూ మాత్రం ఉండాదా గ్యారంటీ? స్వల్పమైన మరక అని రాసి సంతకం పెట్టు. వేసవి ఆర్డరు, లైను ఆగిపోతాది.”

రెండు రోజులు ఆ కాగితం నా సొరుగులో ఉంది. స్వల్పమైన మరక అని రాస్తే నీ పేరు రాదు, నా ఉద్యోగం పోదు. స్టార్టర్లు మాత్రం లారీ ఎక్కి మన వైపు చీనీ తోటలకే వస్తాయి. చెడిపోయి నీ దగ్గరికి వస్తాయి, నువ్వు బొట్టు పెడతావు, మళ్లీ చెడతాయి, గోతాంలో పడతాయి, తిరిగి నా బల్ల మీదికి వస్తాయి. మన ఊరి బస్సులకు కూడా ఇంత క్రమబద్ధమైన రాకపోకలు లేవు.

మూడో రోజు ఇలా రాశాను: “మరక స్వభావం: వార్నిష్‌లో కలిపిన కుంకుమ. మూలం: కళ్యాణదుర్గంలోని స్టార్టర్ల అంగడి. యజమాని: నా సొంత అన్న. సరుకు తిరస్కరించడమైనది.” కింద సంతకం పెట్టాను.

మేనేజరు రెండుసార్లు చదివాడు. “మీ అన్న అమ్ముతాడు, నువ్వు పట్టుకుంటావు. బాగుండాదప్పా మీ ఇంటి యాపారం!” అన్నాడు. అక్కడున్నవాళ్లు నవ్వారు. ఓబులేసు ఒక్కడు నవ్వలేదు. “నగేది ఎందుకు సార్? ఆయప్ప రాయకపోయింటే మనకు తెల్సేదేనా?” అన్నాడు.

ఫలితంగా సరుకు తాళం వేసిన గదిలో ఉంది. నా పరిస్థితీ దాదాపు అంతే. విచారణ ముగిసేవరకు నా సంతకం చెల్లదని నోటీసు ఇచ్చారు. ఆ నోటీసు అందినట్లు నా చేతనే సంతకం పెట్టించుకొన్నారు.

ఇక అసలు సంగతి. గురువారం కంపెనీ తరఫున ఒకాయన నీ అంగడికి వస్తాడు. బోర్డులు ఎవరికి అమ్ముతావని అడుగుతాడు. తెలియదంటే నా నివేదిక కట్టుకథ అవుతుంది. సరుకు లైనెక్కుతుంది, నేను బస్సెక్కుతాను. ఉన్నది చెబితే నీ పేరు వాళ్ల ఫైలులో చేరుతుంది, నలుగురూ నాలుగు మాటలు అంటారు. ఏం చెప్పాలో నీకు ఆజ్ఞాపించే అధికారం తమ్ముడికి లేదు. ఉన్నది చెప్పమని వేడుకొంటున్నాను. ఆయనకు టీ ఇప్పించు, మంచివాడే.

ఇకమీదట చెడిన బోర్డు అమ్మే ముందు పెద్ద చిప్పును సుత్తితో నుగ్గు చేయి. వాడు తక్కువ ఇస్తే ఇవ్వనీ. బొట్టు మాత్రం మానవద్దు. కంపెనీ యంత్రాలన్నీ కలిసి చేయలేని పనిని అది చేసింది.

నీకు కోపం తగ్గితే చెనిక్కాయల పొడి కొంచెం పంపించు. తగ్గకపోతే సుజాతనైనా పంపనివ్వు. వదినకు నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. వీధిలో పెద్దలెవరైనా అడిగితే నేను బాగున్నానని, బెంగళూరులో సంతకాలు పెట్టే ఉద్యోగంలో ఉన్నానని చెప్పు. వివరాలు అనవసరం.

చివరిగా ఒక్క మాట. గురువారం ఆయన ముందర నన్ను ఎంతైనా తిట్టు, నాకు అభ్యంతరం లేదు. తమ్ముడే కాడని మాత్రం అనకు. నివేదికలో ప్రతి మాటకూ నమూనా, ఫొటో జతచేశాను. ఆ ఒక్క సంబంధాన్ని మాత్రం ఏ ఆధారమూ లేకుండా, నిన్ను నమ్మి రాశాను.

ఇట్లు,
నీ దీవెన ఇంకా తనకు చెల్లుతుందనుకొంటున్న
నాగభూషణ